ఈకల కిరీటాల పెట్టె: తెలుగు బడి కార్యవర్గానికి ఒక బహిరంగ లేఖ

కార్యవర్గం పెద్దలకు, టీచర్లకు, తోటి తల్లిదండ్రులకు నమస్కారం.

నవంబరు కార్యక్రమం అంశాల పట్టిక మొన్న మన వాట్సాప్ గ్రూపులో వచ్చింది. ఏడో అంశం థాంక్స్‌గివింగ్ నాటిక, రెండు మూడు తరగతుల పిల్లలు, ‘రెడ్ ఇండియన్లతో విందు’. దాని కింద చిన్న గమనిక: కిరీటాలు పోయినేడాదివే ఉన్నాయి, కొనక్కర్లేదు. ఉన్నాయండీ. మా గరాజ్‌లో పాత మైక్రోవేవ్ మీద అట్టపెట్టెలో ఉన్నాయి. లెక్కకి ఇరవై రెండు. రాత్రి పన్నెండింటి దాకా గ్లూ గన్ పట్టుకు కూర్చుని వాటికి రంగు ఈకలు అంటించింది నేనే. అందుకని ఇందులో తప్పంటూ ఉంటే మొదటి వాటా నాదే.

పోయినేడు మా పాప కూడా ఆ నాటికలో ఉంది. బుగ్గల మీద రెండేసి ఎర్ర గీతలు, నెత్తిన నా చేతి కిరీటం. అరచేత్తో నోటి మీద కొట్టుకుంటూ వూ వూ వూ అని స్టేజీ చుట్టూ తిరిగింది. అందరం చప్పట్లు కొట్టాం. నేను వీడియో తీసి తెనాలిలో మా అమ్మకి పంపాను. మా అమ్మ మురిసిపోయి వీధిలో అందరికీ చూపించింది. ఆ వీడియో ఇప్పుడు నా ఫోన్లో లేదు. ఎందుకు తీసేశానో చెప్పడానికే ఈ ఉత్తరం.

మార్చి సెలవుల్లో పిల్లలకి బైసన్లు చూపిద్దామని ఓక్లహోమాలో లాటన్ పక్కనున్న విచిత కొండలకి వెళ్ళాం. తిరిగొచ్చే దారి పట్టకుండా ఇంకొంచెం పైకెళ్ళి అనడార్కో అనే ఊళ్ళో ఆగాం. ఆగడానికి గొప్ప కారణమేమీ లేదు, నాయనమ్మకి బైసన్ బొమ్మ పోస్టుకార్డు అక్కణ్ణించే వెయ్యాలని మా పాప పేచీ. పోస్టాఫీసులోకి వెళ్ళి స్టాంపులకి వరసలో నిలబడ్డాను. ఊరికే తల పైకెత్తాను.

గోడలనిండా బొమ్మలు. గుర్రాలు, డేరా కర్రలు, బిడారు కట్టి కదిలిపోతున్న జనం. వేట. ఆడుతున్న మనుషులు. మొత్తం 16 పలకలు. గోధుమ, ఎరుపు, నీలం, ఏ రంగుకా రంగు విడిగా, శుభ్రంగా నిలబడింది. ముసలి దంపతులు పార్సెలు తూకం వేయించుకుంటున్నారు. వాళ్ళ నెత్తిమీద నుంచి ఒక జాతి తన మానాన తాను నడిచిపోతోంది. మా పాప చాలాసేపు చూసి, “నాన్నా, వీళ్ళెవరూ నోటి మీద కొట్టుకోవట్లేదేం?” అంది.

నా దగ్గర జవాబు లేదు. స్టాంపులు కూడా తీసుకోకుండా బయటికి వచ్చేశాను, మా ఆవిడ మళ్ళీ లోపలికి వెళ్ళి కొనుక్కొచ్చింది.

ఆ బొమ్మలు వేసినాయన పేరు స్టీఫెన్ మోపోప్. కయోవా అనే ఆదివాసీ తెగ మనిషి. 1936-37లో స్పెన్సర్ ఆసా, జేమ్స్ ఆకయా అనే మరో ఇద్దరు కయోవా చిత్రకారుల్ని సాయం పెట్టుకుని వేశాడు. ప్రభుత్వం డబ్బిచ్చి పోస్టాఫీసు గోడల మీద బొమ్మలు వేయించిన రోజులవి. అప్పణ్ణించి ఈ ఆరు నెలలూ దొరికింది దొరికినట్టు చదివాను, చూశాను. నాకు తెలిసింది మీతో పంచుకుంటాను, కాస్త ఓపిగ్గా వినండి. నాటిక సంగతి తర్వాత.

మోపోప్ 1898లో ఇప్పటి ఓక్లహోమాలో, కయోవాల రిజర్వేషన్ (ప్రభుత్వం ఆ తెగకి కేటాయించిన నేల) మీద పుట్టాడు. క్వెడ్ కోయ్ అని వాళ్ళ భాషలో పేరు, రంగులేసిన దుప్పటి అని అర్థం. పసివాడిగా ఇసకలో బొమ్మలు గీసుకుంటుంటే తాత వరస పెద్దలిద్దరు చూసి, పిలిచి, పదును చేసిన తోలు మీద రంగు వెయ్యడం నేర్పారని చెబుతారు. ఆ ఇద్దరూ మామూలు మనుషులు కారు. అన్నదమ్ములు. ఒకాయన హాంగువా, అంటే వెండికొమ్ము. 1860లో పుట్టి 1940 దాకా బతికిన ఈయన బొమ్మలు వెయ్యికి పైగా దొరికాయి. రెండో ఆయన ఓహెటోయింట్. 1875లో అమెరికా సైన్యం దక్షిణ మైదానాల తెగల్లోంచి 70 మందికి పైగా మనుషుల్ని సంకెళ్ళు వేసి రైల్లో ఫ్లారిడా తీసుకెళ్ళి ఫోర్ట్ మారియన్ అనే సముద్రపు కోటలో మూడేళ్ళు పెట్టింది. ఓహెటోయింట్ వాళ్ళలో ఒకడు. ఆ ఖైదీలు లెక్కల పుస్తకాల కాగితాల మీద తమ ఊళ్ళు, వేటలు, తమని తీసుకొచ్చిన రైలుబండి గీసి కోట చూడ్డానికొచ్చిన జనానికి అమ్ముకున్నారు. ఇప్పుడవి మ్యూజియాల్లో అద్దాల వెనక ఉన్నాయి.

వీళ్ళని ఖైదీలు చేసిన యుద్ధం ఎక్కడో జరిగిందనుకునేరు. మనం వారాంతాల్లో పిల్లల్ని వేసుకుని వెళ్ళే, టెక్సస్‌లోని పాలో డ్యూరో లోయ ఉంది చూడండి, 1874 సెప్టెంబరులో కల్నల్ మెకెంజీ సైనికులు తెగల గుర్రాల్ని పట్టుకుంది అక్కడే, దగ్గర్లోని ట్యూల్ లోయకి తోలుకెళ్ళి వెయ్యికి పైగా కాల్చి చంపారు. గుర్రం పోయాక మైదానాల్లో మనిషి నడవలేడు, వేటాడలేడు. చలికాలానికి ఒక్కో గుంపూ వచ్చి లొంగిపోయింది. ఫోర్ట్‌వర్త్‌కి వాయవ్యంగా గంటా గంటన్నర దూరంలో జాక్స్‌బరో ఉంది, కయోవా నాయకులు సటాంటా, బిగ్ ట్రీలని 1871లో విచారించి ఉరిశిక్ష వేసిన ఊరు (తర్వాత దాన్ని యావజ్జీవంగా మార్చారు). మన ఇళ్ళ పత్రాల్లో బిల్డరు పేరుంటుంది, బ్యాంకు పేరుంటుంది, ఈ పేర్లుండవు.

కయోవాలకి పంచాంగం లాంటిదొకటి ఉండేది. తిథి వార నక్షత్రాల లెక్క కాదు, గడిచిన కాలాన్ని గుర్తుపెట్టుకునే లెక్క. చలికాలానికి ఒక బొమ్మ, వేసవికి ఒక బొమ్మ. చలికాలమంటే నల్లటి నిలువు గీత, ఆకులు రాలిపోయిన నేలకి గుర్తు. దానిపైన ఆ కాలంలో జరిగినవాటిలో ఒక్క సంగతి బొమ్మగా వేస్తారు. వేసవికి, సూర్యనృత్యం అనే తెగ పెద్ద వేడుక జరిగే గుడారపు గుర్తు. 1833 నవంబరు రాత్రి ఆకాశంలో ఉల్కలు వానలా రాలాయి కదా, ఆ కాలం వాళ్ళకి చుక్కలు రాలిన చలికాలం. హాంగువా ఇలాంటి పంచాంగాలు గీశాడు. వాషింగ్టన్‌లోని స్మిత్సోనియన్ సంస్థ నుంచి వచ్చిన జేమ్స్ మూనీ అనే పండితుడు ఆయన చేత చాలా బొమ్మలు వేయించుకున్నాడు. మూనీ కయోవా పంచాంగాల మీద తన పెద్ద గ్రంథం అచ్చు వేసింది 1898లో, మన మోపోప్ పుట్టిన ఏడే.

1916లో ఓహెటోయింట్ ఓ పనికి పూనుకున్నాడు. వాళ్ళ వంశంలో పేరుమోసిన డేరా ఒకటుండేది, యుద్ధాల బొమ్మల డేరా అంటారు. ఒక పక్కంతా పసుపు, నలుపు అడ్డచారలు, రెండో పక్క యుద్ధ దృశ్యాలు. ఆ డేరాకి కొత్త నకలు ఓక్లహోమా చారిత్రక సంఘం కోసం తయారు చేశాడు. తమ్ముడు హాంగువా పక్కన కూర్చున్నాడు. వాళ్ళతోపాటు కుంచె పట్టినవాళ్ళలో పద్దెనిమిదేళ్ళ మోపోప్ ఉన్నాడు. ఫోర్ట్ మారియన్ ఖైదీ చేతిలోంచి మోపోప్ చేతిలోకి విద్య వచ్చిన తీరు ఇది. యూనివర్సిటీ ఆయన్ని పదేళ్ళ తర్వాత కనిపెట్టింది.

యూనివర్సిటీ కథ నలుగురూ చెప్పేదే, త్వరగా ముగిస్తాను. అనడార్కో సెయింట్ పాట్రిక్ మిషన్ బడిలో చాక్తా జాతికి చెందిన సిస్టర్ ఒలివియా టేలర్ అనే సన్యాసిని పిల్లలకి బొమ్మలు నేర్పింది. సూజీ పీటర్స్ అనే ప్రభుత్వోద్యోగిని కుర్రవాళ్ళని పోగేసి, రంగులిప్పించి, ఓక్లహోమా యూనివర్సిటీలో చిత్రకళా విభాగం నడిపే ఆస్కార్ జేకబ్‌సన్‌కి చూపించింది. 1926 చివర్లో మోపోప్, ఆసా, జాక్ హోకియా, మన్రో సటోకీ ఆ యూనివర్సిటీ ఉన్న నార్మన్ ఊరు చేరారు. మామూలు విద్యార్థులుగా చేర్చుకునేందుకు వాళ్ళకి సరిపడ చదువు లేదని విడిగా గది ఇచ్చారు. పొంకా సిటీ చమురు వ్యాపారి లూ వెంట్జ్ డబ్బు సర్దాడు. జేకబ్‌సన్ స్వీడన్‌లో పుట్టినవాడు, ఐరోపా పద్ధతి తెలిసినవాడు. అయినా వీళ్ళకి ఆ పద్ధతి నేర్పనని పట్టుబట్టాడు. 1928లో వీళ్ళ బొమ్మలు ప్రాగ్ వెళ్ళాయి. 1929లో ఫ్రాన్సులోని నీస్ నగరంలో ఒక ప్రచురణకర్త వాటిని రంగురంగుల పలకలుగా అచ్చువేశాడు, ఒక్కో రంగుకీ ఒక్కో అచ్చు కత్తిరించి చేత్తో అద్దే పద్ధతిలో. 1932లో వెనిస్ ద్వైవార్షిక ప్రదర్శనలో అమెరికా మండపంలో ఉన్నాయి.

ఇక బొమ్మ దగ్గరికి రండి. మా నాన్నగారు జిల్లా పరిషత్ హైస్కూల్లో డ్రాయింగు మాష్టారు. లోయరు, హయ్యరు పరీక్షలకి వెళ్ళే పిల్లలకి ఆయన మొదట నేర్పేది బంతికి నీడ వెయ్యడం. వెలుతురు ఎడమ నుంచి వస్తే నీడ కుడికి, కింద బల్ల మీద ఇంకో నీడ. నీడ లేని బొమ్మకి మార్కుల్లేవు. అలాంటి ఇంట్లో పెరిగినవాణ్ణి కాబట్టి మోపోప్ గీసిన నాట్యగాడి బొమ్మ మొదట చూసినప్పుడు నా కళ్ళు నీడ కోసం వెతికాయి. లేదు. నేల లేదు, ఆకాశం లేదు. ఖాళీ కాగితం మధ్యలో ఒక మనిషి. మోకాళ్ళు వంగి, నడుము వంగి, తల కిందికి దించి, ఒక పాదం మునివేళ్ళ మీద. నడుం వెనక, భుజాల మీద ఈకల గుత్తులు విచ్చుకుని ఉన్నాయి. మోకాళ్ళ కింద గజ్జెలు వరసగా. నెత్తిన ముళ్ళపంది వెంట్రుకలతో కట్టిన నిటారు జుట్టు. ప్రతి ఈక చివర ఉన్న చిన్న పోగు కూడా ఎటు ఊగుతోందో గీశాడు. నేల గీత లేదు గానీ పాదం బరువు తెలుస్తుంది. గజ్జె మోగబోయే ముందు అరక్షణం అది. నాన్నగారు బతికుంటే కళ్ళద్దాలు నుదుటి మీదకి తోసి, కాసేపు మాట్లాడకుండా ఉండి, “చెయ్యి తిరిగినవాడ్రా” అనేవారు. మార్కులు మాత్రం వేసేవారు కాదేమో.

ఆ అడుగు ఊహించి గీసింది కాదు. మోపోప్ స్వయంగా పేరున్న నాట్యగాడు, పిల్లనగ్రోవి ఊదేవాడు. తన మోకాలికి తెలిసిందే కాగితం మీద పెట్టాడు.

ఇక్కడో సంగతి చెప్పాలి. నాటిక గురించి నేను ఇంత గొడవ చెయ్యడానికి అసలు కారణం ఇదే.

1883లో అమెరికా అంతరంగిక శాఖ (ఇంటీరియర్ డిపార్ట్‌మెంట్) రిజర్వేషన్ల మీద నేరాల జాబితా ఒకటి పెట్టింది. సూర్యనృత్యం లాంటివి ఆడితే రేషను ఆపేస్తారు, మళ్ళీ ఆడితే లోపలేస్తారు. కయోవాల చివరి సూర్యనృత్యం 1887లో జరిగింది. 1890లో మళ్ళీ చెయ్యబోతే సైన్యం వస్తోందని కబురొచ్చింది, పాతిన గుంజలు పాతినట్టే వదిలేసి వెళ్ళిపోయారు. ఆ వేసవికి వాళ్ళ పంచాంగంలో గుర్తు ఆ వదిలేసిన గుంజలే. 1901లో వాళ్ళ రిజర్వేషన్‌ని ముక్కలు చేసి, తలా 160 ఎకరాలు వాళ్ళకి విడిచి, మిగతాదాన్ని బయటివాళ్ళకి లాటరీ తీసి పంచారు. అనడార్కో ఊరు పుట్టిందే ఆ ఆగస్టులో జరిగిన స్థలాల వేలంలో. 1921లో ఇండియన్ వ్యవహారాల కమిషనర్ చార్ల్స్ బర్క్ నాట్యాల్ని అణచమని ఏజెంట్లకి సర్క్యులర్ పంపాడు. 1923లో దానికి అనుబంధం: నెలకి ఒక్కసారే, పగలే, అదీ వారం మధ్యలో, మార్చి, ఏప్రిల్, జూన్, జూలై, ఆగస్టు నెలల్లో అసలు వద్దు. యాభై ఏళ్ళ లోపువాళ్ళు ఆడకూడదు, చూడకూడదు కూడా అని సిఫార్సు.

అప్పటికి మోపోప్ వయసు పాతిక. నాట్యమే ఒంట్లో ఉన్నవాడు. ఆ సర్క్యులర్లు చెలామణీలో ఉన్న రోజుల్లోనే ఆ గజ్జెలు, ఆ వంగిన మోకాళ్ళు గీస్తూ కూర్చున్నాడు.

కొత్త కమిషనర్‌గా వచ్చిన జాన్ కోలియర్ 1934లో ఆ ఆంక్షలు ఎత్తేశాడు. ఇంకో ఐదేళ్ళకి, 1939లో, వాషింగ్టన్‌లో అంతరంగిక శాఖ వారి కొత్త భవనంలో క్యాంటీన్ గోడ మీద పెద్ద కుడ్యచిత్రం వెయ్యమని పిలిచింది ఎవర్నో తెలుసా? మోపోప్‌నే. ఆయన వేసింది నాట్యం. అక్కడే ఆకయా వేసింది పంటల నాట్యం. యాభయ్యేళ్ళు ఏ ఆటకి జైలన్నారో ఆ ఆట చూస్తూ ఆ శాఖ గుమాస్తాలు భోజనం చేశారు. నాకిది చదివినప్పుడు నవ్వొచ్చింది, తర్వాత మన వీడియో గుర్తొచ్చింది. వాళ్ళు ఆంక్షల కింద కాపాడుకున్న అడుగు అది. మనం డాలరు స్టోరు ఈకలతో వూ వూ అన్నాం.

ఈకల సంగతీ చెప్తాను. మైదానాల తెగల్లో ఆ పొడుగు ఈకల శిరోవేష్టనం అందరూ పెట్టుకునేది కాదు, ఫలానా పనికి ఫలానా ఈక అని సంపాదించుకున్నది. గద్ద ఈక ఇవాళ్టికీ చట్టం పరిధిలో ఉంది. 1940 నాటి చట్టం ప్రకారం దారిలో రాలిపడిన గద్ద ఈక కూడా మీరూ నేనూ ఇంటికి తెచ్చుకోకూడదు. గుర్తింపు పొందిన తెగల సభ్యులు మాత్రం కొలరాడోలో ఉన్న ప్రభుత్వ భాండారానికి దరఖాస్తు పెట్టుకోవాలి, ఒక్కోసారి ఏళ్ళు ఆగాలి. ఇంతకీ ఆ థాంక్స్‌గివింగ్ కథలో 1621లో ప్లిమత్‌లో విందుకి వచ్చింది వాంపనోగ్ తెగ జనం, అక్కడెక్కడో తూర్పు సముద్రపు ఒడ్డున. వాళ్ళకీ ఈ కిరీటాలకీ సంబంధమే లేదు. ఆ కాలానికి కయోవాలు ఎల్లోస్టోన్ నది పుట్టే కొండల దాపున ఉండేవాళ్ళని వాళ్ళ పెద్దలు చెప్పే కథ. రేపు ఎవరైనా ‘ఇండియన్ విందు’ అని నాటిక వేసి, పంజాబీ తలపాగా చుట్టి కథాకళి మొహం పూసి పిల్లాణ్ణి నిలబెడితే మనమే గ్రూపులో మూడొందల మెసేజీలు పెడతాం.

ఇదంతా చెప్పి వాళ్ళని దేవుళ్ళని చెయ్యడం లేదు. ఆ గుంపులోనే లోయిస్ స్మోకీ అనే అమ్మాయి ఉండేది, 1907లో పుట్టింది. 1927 మొదట్లో నార్మన్ వచ్చింది. కయోవాల్లో తోలు సంచుల మీద గీతల ముగ్గులు ఆడవాళ్ళవి, మనుషులూ గుర్రాలూ మగవాళ్ళవి. స్మోకీ మనుషుల్ని గీసింది. తల్లుల్ని, పిల్లల్ని గీసింది. తోటి కుర్రాళ్ళకి అది నచ్చలేదని, ఆమె బొమ్మల్ని పాడుచేసేవారని రాతలున్నాయి. ఏడాది తిరక్కుండానే ఇంటికి వెళ్ళిపోయింది, తర్వాత పూసల పనిలో పడింది. ఆమె వెళ్ళాక ఆకయా వచ్చాడు. లోకం ఎన్నో ఏళ్ళు ‘కయోవా ఐదుగురు’ అని పిలిచింది, ఆ ఐదుగురిలో చాలాసార్లు ఆమె పేరుండేది కాదు. ఇప్పుడు ‘కయోవా ఆరుగురు’ అంటున్నారు. ఆమె బొమ్మలు కొద్దిగానే మిగిలాయి. మా పాపకి ఈ ఆరుగురిలో ఎవరు ఇష్టమంటే స్మోకీ పేరే చెబుతుంది, మోపోప్ గురించి అంత చెప్పిన నాకు కొంచెం ఉక్రోషం.

మనది బడి కాబట్టి భాష గురించి ఒక్క మాట. మనం ఆదివారం పొద్దున్నే పిల్లల్ని నిద్రలేపి, ఏడిపించి, అ ఆ లు దిద్దిస్తున్నాం. కయోవా పిల్లల్ని రెయినీ మౌంటెన్ బోర్డింగు బడిలో (1893 నుంచి 1920 దాకా నడిచింది) వాళ్ళ భాష మాట్లాడితే శిక్షించేవారు. ఆ బడిలో చదివిన పార్కర్ మెకెంజీ అనే కుర్రాడు పెద్దయ్యాక తన భాషకి తానే లిపి పద్ధతి కుదుర్చుకున్నాడు. 1897లో పుట్టి 1999లో పోయాడు, నూటొకటో ఏట. కయోవాలో ‘ప’ వేరు, ‘ఫ’ వేరు, ‘బ’ వేరు, ఇవికాక గొంతు బిగించి పలికే ఇంకో ‘ప’ ఉంది. ఇంగ్లిషు చెవికి మొదటి రెండిటికీ తేడా తెలియదు. మన పిల్లలకి తెలుస్తుంది! పది వారాలు ఒత్తు పలకమని మనం పెట్టిన గోల ఇక్కడ పనికొస్తుంది. ఆ జాతి పేరు కూడా వాళ్ళ నోట ‘కాయ్‌గూ’. ‘రెడ్ ఇండియన్’ అనే మాట మన కౌబాయ్ సినిమాల నుంచి వచ్చి మన నాలుక మీద కూర్చుంది. ఏ తెగో తెలిస్తే ఆ తెగ పేరు అందాం, తెలియకపోతే ఆదివాసులందాం. పట్టికలో మార్చడానికి ఒక్క నిమిషం.

“అదంతా పాత కథ కదండీ” అని నిరుడు నాతో ఒకాయన అన్నారు, కిరీటాలు అంటిస్తుంటేనే. కయోవాలు ఇవాళ 12 వేల మందికి పైగా ఉన్నారు, ఓక్లహోమాలోని కార్నెగీలో వాళ్ళ ప్రభుత్వం ఉంది. మోపోప్ తర్వాతి తరంలో టి.సి. కానన్ అని ఒకడున్నాడు, తండ్రి కయోవా, తల్లి కాడో. 1946లో పుట్టాడు, వియత్నాం యుద్ధానికి వెళ్ళొచ్చాడు, 1978లో ముప్ఫై ఒకటో ఏట శాంటా ఫే దగ్గర కారు ప్రమాదంలో పోయాడు. ఆయన బొమ్మల్లో మనుషులు నల్ల కళ్ళద్దాలు పెట్టుకుంటారు. ఒక బొమ్మలో పూర్తి సంప్రదాయ వేషంలో ఉన్న పెద్దమనిషి పేము కుర్చీలో దర్జాగా కూర్చుని ఉంటాడు, వెనక గోడకి వాన్ గో గోధుమచేను వేలాడుతుంటుంది. ఆ కుర్చీలో మనిషి మనల్ని చూసే చూపు ఒకసారి చూడండి. మోపోప్ నాట్యగాడు మనకేసి చూడడు. ఈయన చూస్తాడు.

నేను అడిగేవి మూడు.

ఏడో అంశం తీసేయండి. పిల్లలు నిరాశపడకుండా ఆ పదిహేను నిమిషాల్లో వేరేది పెడదాం. కయోవా పంచాంగం ఎలా గీస్తారో టీచరు ఐదు నిమిషాలు చెబుతారు. తర్వాత ప్రతి పిల్లా, పిల్లాడూ తను పుట్టినప్పటి నుంచీ ఏడాదికి ఒక్క సంగతి చొప్పున తన బొమ్మలు తను గీసి, కింద ఒక్కో తెలుగు మాట రాసి, స్టేజీ మీద చదువుతారు. వాళ్ళ గుర్తులు, డేరాలు మనం కాపీ కొట్టొద్దు. ‘తాతయ్య వచ్చిన ఏడు’, ‘కరెంటు పోయిన చలికాలం’, అలాంటివి వస్తాయి. మా పాప ఇప్పటికే నాలుగు గీసింది, 2021 ఫిబ్రవరి మంచుకి దుప్పట్లు కప్పుకుని వంటగదిలో పడుకున్న బొమ్మ అందులో ఉంది. అప్పటికి దానికి ఊహ తెలియదు, మేం చెప్పగా విని గీసింది. పంచాంగాల్లోనూ అలాగే జరిగేదట, పెద్దలు చెప్పిన పాత ఏళ్ళు చిన్నవాళ్ళు గీసేవారు.

రెండోది, దీపావళి మేళాలో డ్రీమ్‌క్యాచర్లు, ‘ఇండియన్’ పూసల గొలుసులు అమ్మే స్టాలుకి చోటిచ్చే ముందు అవి ఎవరు చేశారో అడగండి. ఆదివాసులు చెయ్యనిదాన్ని వాళ్ళు చేశారని అమ్మడం 1990 చట్టం ప్రకారం నేరం. స్టాలు అద్దె నూట యాభై డాలర్ల కోసం మనకెందుకు ఆ తలనొప్పి.

మూడోది, అక్టోబరులో ఒక రోజు అనడార్కో వెళ్దాం. విచిత ఫాల్స్, లాటన్ మీదుగా మూడున్నర గంటలు. బర్క్‌బర్నెట్ దాటాక రెడ్ రివర్ వస్తుంది, పేరుకి ఎర్రనది గానీ ఎక్కువ రోజులు ఇసకే. పోస్టాఫీసు తెరిచి ఉండే వేళలు శనివారాల్లో వేరుగా ఉంటాయి కనక ముందే ఫోన్ చేసి కనుక్కుని వెళ్ళాలి, నేను చేస్తాను. అక్కడ పని చేసుకునేవాళ్ళకి అడ్డం పడకుండా ఐదేసి మందిగా లోపలికి వెళ్దాం. ఫొటోలు తియ్యొచ్చో లేదో అడిగి తీద్దాం. పులిహోర, దద్దోజనం మా ఇంటి నుంచి వస్తాయి. ఇంకెవరైనా చేగోడీలు తెస్తే మంచిది, పోయినసారి చిప్స్ లాటన్ రాకుండానే అయిపోయాయి.

మా వ్యాన్లో మూడు సీట్లు ఖాళీగా ఉన్నాయి. వచ్చేవాళ్ళు ఈ శుక్రవారంలోగా చెప్పండి. పిల్లలు స్టాంపులు కొనుక్కోవడానికి చిల్లర తెచ్చుకోవాలి. కిరీటాల పెట్టె మాత్రం నేను తీసుకురాను, ఎవరూ దాని కోసం మా ఇంటికి రావద్దు. జిగురు గట్టిదే వేశాను గానీ ఊడదియ్యడం మొదలుపెట్టాను, తొమ్మిది అయ్యాయి.

ఇట్లు,
రెండో తరగతి ‘సి’ సెక్షన్ విద్యార్థిని తండ్రి